నిజాంకు తుపాకులు మోసిన ఆస్ట్రేలియన్

1948 నడిమి నెలల్లో కరాచీ నుంచి నాలుగింజన్ల విమానాలు రాత్రివేళ హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చేవి. బీదర్‌లోనో వరంగల్‌లోనో దిగేవి. లోపల తుపాకులు, మందుగుండు. ఈ రాకపోకలు నడిపించినవాడు నిజాం కొలువులోని నవాబూ కాదు, పాకిస్తానీ అంతకన్నా కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, పశువుల మేతభూముల నడుమ 1894లో పుట్టిన సిడ్నీ కాటన్.

విమానాల మీద డబ్బు పెట్టడం హైదరాబాద్‌కు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సొమ్ముతో విమానాలు కొనుక్కున్న బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ చిహ్నం నిజాం తలపాగా. సొమ్ము ఇక్కడిది, యుద్ధం వాళ్లది. 1948లో మాత్రం నిజాం తన యుద్ధం కోసమే పరాయి పైలట్‌ను పిలిపించుకోవాల్సి వచ్చింది.

ఆ పైలట్ మామూలువాడు కాదు. 1915లో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగంలో చేరాడు. అప్పటి విమానాలకు కాక్‌పిట్ పైన కప్పు ఉండేది కాదు. చలికాలంలో ఎగిరొచ్చినవాళ్లు కొయ్యబారిపోయేవాళ్లు. ఒకరోజు కాటన్ ఇంజన్ మరమ్మతు చేస్తూ, పిలుపు రాగానే జిడ్డోడుతున్న ఓవరాల్‌తోనే ఎగిరిపోయాడు. దిగాక చూస్తే తోటివాళ్లంతా వణుకుతున్నారు, తనకు చలే తెలియలేదు. నూనె పట్టిన బట్టలోంచి గాలి చొరబడలేదన్నమాట. లోపల బొచ్చు, నడుమ గాలి దూరని పట్టు, పైన బర్బెరీ గుడ్డ పెట్టి లండన్‌లో సూటు కుట్టించాడు. అదే సిడ్‌కాట్. రెండో యుద్ధం దాటాక కూడా బ్రిటిష్ పైలట్లు దాన్ని తొడుక్కున్నారు. కనిపెట్టినవాడు మాత్రం పై అధికారులతో పడక 1917లోనే రాజీనామా ఇచ్చేశాడు.

తర్వాతి ఇరవై ఏళ్లు న్యూఫౌండ్‌లాండ్‌లో విమానాల వ్యాపారం, ఆపైన కలర్ ఫిల్మ్ వ్యాపారం. అక్కడ నేర్చిన ఫొటో విద్య 1939లో అక్కరకొచ్చింది. బ్రిటిష్ గూఢచారి సంస్థ కోసం లాక్‌హీడ్ విమానం అడుగున కెమెరాలు దాచి, వ్యాపారి వేషంలో జర్మనీ మీద తిరిగాడు. జర్మన్ జనరల్ కెసెల్‌రింగ్‌ను సరదాగా ఎక్కించుకుని తిప్పుతూనే ఫొటోలు తీశానని చెప్పుకున్నాడు. కాటన్ కబుర్లను కాస్త వడగట్టి వినాలి గానీ, కెమెరాల సంగతి నిజమే.

యుద్ధం మొదలవగానే హెస్టన్‌లో ఫొటో నిఘా దళం అతని చేతికొచ్చింది. స్పిట్‌ఫైర్ల నుంచి తుపాకులు పీకించేశాడు, సందులు పూడ్పించి నున్నగా చేయించాడు. పోరాడటానికి కాదు, ఎత్తులో ఎగిరి ఫొటో తీసుకుని పారిపోవడానికి. విమానాలకు వేసిన లేత రంగు వెనక జోధ్‌పూర్ మహారాజు ఉన్నాడంటారు: ఆయన సొంత విమానం పైకి లేచిన కాసేపటికే ఆకాశంలో కలిసిపోవడం కాటన్ కళ్లబడిందట. 1939 నవంబర్‌లో షార్టీ లాంగ్‌బాటమ్ ఇలాంటి స్పిట్‌ఫైర్‌లోనే ఆకెన్ వైపు వెళ్లాడు. ఇంత చేసినా, 1940 జూన్‌లో కాటన్‌ను తప్పించి దళాన్ని మరొకరికి అప్పగించారు. కావలసిన సామాను అడ్డదారిలో తెచ్చుకోవడం, పైవాళ్లను ఖాతరు చేయకపోవడం అతని పద్ధతి. ఆ పద్ధతే దళాన్ని నిలబెట్టింది, ఆ పద్ధతే అతన్ని బయటికి నెట్టింది.

నిజాం ప్రధాని లాయక్ అలీకి 1948లో సరిగ్గా అలాంటివాడే కావాల్సి వచ్చాడు. భారత్‌తో యథాతథ ఒప్పందం 1947 నవంబర్‌లో కుదిరినా, మరుసటి ఏడాదికి భారత ప్రభుత్వ దిగ్బంధం బిగిసింది. లాంకాస్టర్ బాంబర్లను పౌర అవసరాలకు మార్చి చేసిన లాంకాస్ట్రియన్లను కాటన్ సమకూర్చుకున్నాడు. చీకట్లో వెంటాడి పట్టే విమానాలు భారత వైమానిక దళానికి అప్పటికింకా లేవు. ఢిల్లీ లండన్‌కు ఫిర్యాదు చేసింది.

చిన్న రాజ్యానికి అన్యాయం జరుగుతోందని కాటన్ నమ్మాడు. ఆ రాజ్యంలో ఊళ్లు ఎలా ఉన్నాయో బీదర్ రన్‌వే మీద నిలబడితే కనబడదు. హైదరాబాద్ పక్కన, మొయినాబాద్ దగ్గరి పెద్ద మంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లోనే షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఇక్కడి జనం ఏం కోరుతున్నారో పన్నెండేళ్ల ముందే వినబడింది. విమానాలు దిగుతున్న ఆ రోజుల్లోనే, ఆగస్టులో, ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడలో చంపేశారు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న కాలమది. అలాంటి వేళ తెచ్చిన తుపాకులకు దిగ్బంధం పేరు చెప్పి మంచి పేరు తేవడం కష్టం.

అవి యుద్ధంలోనూ పనికి రాలేదు. సెప్టెంబర్ 13న భారత సైన్యం సరిహద్దు దాటింది, 18న సంస్థాన సేనాని ఎల్ ఎడ్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఈ ఆయుధాల రవాణాకు లండన్ కోర్టు కాటన్‌కు 200 పౌండ్ల జరిమానా వేసింది. సంపాదించడం, పోగొట్టుకోవడం అలవాటైన మనిషి, ఆపైన పశ్చిమాసియా చమురు వ్యవహారాల్లో తిరిగి 1969 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. రాల్ఫ్ బార్కర్‌కు చెప్పి రాయించుకున్న జీవితకథ ఆ ఏడాదే అచ్చయింది. బీదర్ రన్‌వే ఇప్పుడు భారత వైమానిక దళానిది. కుర్ర పైలట్లకు శిక్షణ అక్కడే.