మిద్దెపై మిద్దె: భాగ్యనగరపు నివాస గాథ

సికింద్రాబాదు ప్రాంతమున వారాసిగూడ, సీతాఫల్‌మండి పేటల చెంత బౌద్ధనగర మున్నది. అచ్చటి సందులు ఇరుకైనవి. ఇండ్ల గోడలు ఒండొంటి నానుకొని యుండును. తూర్పున రైలుదారి దాటినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన యావరణము, దానిని ఆనుకొని తార్నాక. నేడు తార్నాక వీథులలో పెరటి యిండ్లు ఒక్కొక్కటిగ కూలి, వాని స్థానమున అయిదారంతస్తుల కట్టడములు లేచుచున్నవి. నగరము పొలములమీదికి ప్రాకుటకంటె ఆకాశమువైపు పెరుగుట మేలుగదా యని పలువు రనుచున్నారు. ఈ మాట యెంతవరకు నిలుచునో తెలియవలె నన్నచో, ఈ నగరవాసులు మునుపు ఎట్లు వసించిరో కొంత వెనుకకు పోయి చూడవలసి యున్నది.

భాగ్యనగరము పుట్టుకయే విస్తరణముతో నారంభమైనది. గోలకొండలో జనము క్రిక్కిరిసి, నీటికి ఇక్కట్లు కలుగగా, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపు గట్టున చార్మినారు కేంద్రముగ క్రొత్త నగరమును నెలకొల్పెనని చరిత్రకారులు చెప్పుదురు. ఉన్నచోటు ఇరుకైనపుడు బయటికి పోయి కట్టుకొనుట నాటినుండియు మనకు అలవాటు. సంపన్నుల దేవిడీలు నడిమి ముంగిళ్లతో విశాలముగ పరచుకొనెను. పేదలు గోడకు గోడ చేర్చి గుడిసెలు, పెంకుటిండ్లు వేసికొనిరి. ఇరువురును నేలనే నమ్ముకొని యుండిరి.

ఆ యలవాటులోని యపాయము 1908 సెప్టెంబరు 28న బయటపడెను. మూసీ పొంగి, ఒడ్డున నున్న పేటలను ఊడ్చుకొనిపోయెను. వేలకొలది ప్రజలు మరణించిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువను జలాశయములు తలపెట్టబడి, ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరద వెనుకనే ప్లేగు వచ్చెను. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఇరుకు పేటలను తొలగించుట, వీథులను వెడల్పు చేయుట, చిన్న యుద్యోగులకును బీదలకును వరుస యిండ్లు కట్టించుట దాని పనులు. గాలి వెలుతురు గల యిల్లు ప్రజలకు సమకూర్చుట ప్రభుత్వపు బాధ్యత యను భావము ఇచ్చట నాటుకొన్నది అప్పుడే. ఐనను ఆ యిండ్లును చాలవరకు నేలను విడిచి లేచినవి కావు.

ఆ తరువాతి దశకమున స్కాట్లండు దేశపు నగరశాస్త్రజ్ఞుడు పాట్రిక్ గెడ్డీస్ హైదరాబాదునకు వచ్చెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అడిక్‌మెట్టు భూములు తగినవని సూచించినవారిలో ఆయన యొకడు. వేయి యెకరములకు పైబడిన ఆ నేలపై ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో తెరువబడెను. గెడ్డీసు అంతకు పూర్వమే, 1915 ప్రాంతమున, తంజావూరు మొదలగు మద్రాసు రాజధాని పట్టణములను చూచి యొక చికిత్సను బోధించి యుండెను. ఇరుకు పేటను మొత్తముగ కూల్చి జనమును వెడలగొట్టుట వైద్యము గాదు. పాడుపడిన యిండ్లను మాత్రము తొలగించి, ఆ జాగాలో గాలికి చోటిచ్చి, ప్రజలను ఉన్నచోటనే యుంచవలెను. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. మన కథ మరల దానివద్దకే వచ్చును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. కర్నూలునుండి ఉద్యోగులు కుటుంబములతో తరలివచ్చిరి. 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు నగరపాలక సంస్థలు ఒకటయ్యెను. 1975లో నగరాభివృద్ధి కొరకు హుడా ఏర్పడెను; దాని వారసురాలైన మహానగరాభివృద్ధి సంస్థ కార్యాలయము కొంతకాలము తార్నాకలోనే యుండెను. ఈ కాలమంతయు మధ్యతరగతి గృహస్థుని కోరిక యొక్కటే: తనదను రెండువందల గజముల స్థలము, అందులో నొక యిల్లు, ఒక బావి, ఒక జామచెట్టు. ఆ కోరికలో తప్పేమియు లేదు. కాని లక్షలమంది అదే కోరగా, కాలనీకి కాలనీ చేరి, పొలములును చెరువు శిఖము భూములును కనుమరుగయ్యెను.

ఉమ్మడి కట్టడములో ఇల్లు కొనుటకు గృహస్థు వెనుదీయుటకు కారణ మున్నది. గాలిలో నున్న యింటికి నేల యేది? 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము దీనికి సమాధానము చెప్పెను. కొన్నవానికి తన యింటిపై హక్కుతోపాటు క్రింది నేలలో విభజింపరాని వాటాయు లభించెను. మెట్లు, లిఫ్టు, నీళ్లతొట్టి అందరికిని ఉమ్మడి. నాటినుండి ఫ్లాటు అను మాట మన యింటి మాటలలో చేరిపోయెను.

2006లో మరియొక మలుపు. స్థలపు వైశాల్యమునకు ఇన్ని రెట్లు మాత్రమే కట్టవలెనను పరిమితిని ఆ యేటి నియమములు హైదరాబాదులో తొలగించెను. ఎదుటి వీథి వెడల్పు, చుట్టును విడువవలసిన ఖాళీ స్థలము, ఇవియే కట్టడపు ఎత్తును నిర్ణయించునవి. అందుచేత వెడల్పైన క్రొత్త రహదారులు గల పడమటి పొలిమేరలో ఆకాశహర్మ్యములు లేచెను. బౌద్ధనగరము వంటి పేటల సందులలో స్తంభముల వరుసపై నాలుగైదంతస్తులకే కట్టడము లాగిపోయెను. విచిత్ర మేమనగా, నిలువుగ పెరిగినంత మాత్రమున నగరము అడ్డముగ పెరుగుట మానలేదు. ఇంచుమించు 170 చదరపు కిలోమీటర్లుగా నున్న నగరపాలక పరిధి, 2007లో చుట్టునున్న పురపాలక సంఘములు చేరగా, 600 దాటెను. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయ రహదారి యేర్పడెను. నీటికై 2004లో కృష్ణను, 2015లో గోదావరిని నగరమునకు తెచ్చుకొనవలసి వచ్చెను. ఇల్లు దూరమగుకొలది గొట్టమును పొడవగును. ఆ ఖర్చు అందరిపై పడును.

ఎత్తైన యిండ్లు లోకమునకు క్రొత్తవి గావు. యెమను దేశపు హద్రమౌతులో షిబాం పట్టణమున పదునారవ శతాబ్దినుండి మట్టి యిటుకలతో కట్టిన బహుళాంతస్తుల యిండ్లు కలవు. మన బార్కసులోని అరబ్బుల పూర్వులు ఆ సీమవారే. వరదకు దూరముగ, ప్రాకారము లోపల, పొలమును చెరుపకుండ బ్రతుకుటకై వారు ఎత్తుగ కట్టుకొనిరి. సింగపూరు 1960లో గృహనిర్మాణ సంస్థను స్థాపించి, అంతస్తుల యిండ్లతోపాటే బడిని, అంగడిని, బస్సును తెచ్చెను. నేడు ఆ దేశ ప్రజలలో మూడువంతుల మందికి పైగా అట్టి యిండ్లలోనే యున్నారు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున 1950 దశకములో పదునొకండంతస్తుల కట్టడములు ముప్పదిమూడు లేచెను. వానిని బాగుచేయుటకు సొమ్ము చాలక, లిఫ్టులు చెడి, జనము విడిచిపోగా, 1972లో కూల్చివేత మొదలయ్యెను. కట్టుట ఒకనాటి పని. కాపాడుట నిత్యపు పని.

మన నగరముననే రెండు ఉదాహరణములు కలవు. బౌద్ధనగరమునకు అంతగా దూరము గాని బోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీలో 2015లో 396 రెండు పడకగదుల యిండ్లు ప్రారంభింపబడెను. పాత యిండ్ల చోటనే క్రొత్తవి; నేలపై నొకటి, ఆపైన రెండంతస్తులు. పనివాని పని, పిల్లల బడి, తెలిసిన ఆసుపత్రి ఎక్కడివక్కడనే యుండెను. 2023లో నగరపు పడమటి యంచున కొల్లూరులో 117 కట్టడములలో 15,660 యిండ్లు ప్రారంభింపబడెను. అవి తొమ్మిది మొదలు పదునొకండంతస్తుల వరకు లేచిన కట్టడములు. ఇల్లు లేనివారికి అంతమందికి ఇల్లిచ్చుట చిన్న సంగతి గాదు. కాని సికింద్రాబాదులో పాచిపని చేయు స్త్రీకి అచ్చట ఇల్లు వచ్చినచో, పనికి పోవుటకు ముప్పది కిలోమీటర్లకు పైగా ప్రయాణము. ఆమెకు ఇల్లు కలిగెను గాని, ఊరు దూరమయ్యెను.

కనుక ఎత్తు మాత్రమే విస్తరణమునకు మందు గాదని మేము తలంచుచున్నాము. నీరు, దారి, బడి, పని ముందే యున్న చోట మిద్దెపై మిద్దె వేసినచో నగరము కుదురుకొనును. అవి లేని పొలములో పదునొకండంతస్తులు లేపినను అదియు విస్తరణమే. తార్నాకకు విశ్వవిద్యాలయము, రైలు, 2017నుండి మెట్రో స్టేషను కలవు. జనము చేరుటకు ఇంతకంటె తగిన చోటు అరుదు. అయితే ఒక్కొక్కరుగ పెరటి స్థలములను అమ్ముకొనుటకు మారుగ, ఇరుగుపొరుగులు స్థలములు కలిపి, సందును వెడల్పుచేసికొని, అద్దెవారికిని చోటుంచి కట్టుకొనుటకు నగరపాలకులు తోడ్పడవలెను. గెడ్డీసు చెప్పిన చికిత్స ఇదియే. ఇక విశ్వవిద్యాలయపు ఖాళీ నేల యున్నదే, అది వ్యర్థమైన జాగా గాదు. చుట్టునున్న ఇరుకు పేటలు ఊపిరి పీల్చుకొనునది అచ్చటనే. పేట లెంత ఎత్తు పెరిగిన ఆ నేల అంత యవసరమగును.