ఆరు మార్కులు, ఒక ఉద్యోగం

2007 నవంబర్లో గేమ్‌స్పాట్ సమీక్షకుడు జెఫ్ గెర్‌స్ట్‌మన్ ‘కేన్ అండ్ లించ్’ అనే గేముకి పదికి ఆరు మార్కులేశాడు. అప్పటికి ఆ సైటు నిండా ఆ గేము ప్రకటనలే! డబ్బిచ్చింది దాన్ని విడుదల చేసిన ఐడోస్. నెల తిరక్కుండానే గెర్‌స్ట్‌మన్ ఉద్యోగం ఊడింది. ప్రకటనదారుల ఒత్తిడేం లేదంది యజమాని సీనెట్. ఒప్పందం వల్ల అతను నోరు విప్పలేకపోయాడు. 2012లో ఆ కట్టు తెగాకే చెప్పాడు: ప్రకటనల డబ్బు పోతుందని యాజమాన్యం తలొగ్గిందని.

టెస్టర్ జీతం డెవలపర్ చేతిలో ఉంటే బగ్ రిపోర్ట్ ఎలా వస్తుందో మనకి తెలీదా? ఊడిన ఉద్యోగమైతే లోకానికి తెలిసింది. అది చూసి మిగతావాళ్ళు ఎవరూ అడక్కుండానే కలిపే ఒక్క మార్కుంటుంది చూడండీ, నా భయమంతా దాని గురించే. దానికి రుజువు దొరకదు.