వాలు ఇన్‌సోల్

మోకాలి కీలు అరుగుదల ఉన్నవారు బూటు లోపల వేసుకునే అట్ట. ఒక అంచు మందంగా, రెండో అంచు పలచగా ఉంటుంది. ఎక్కువగా వాడే 5 డిగ్రీల రకంలో మడమ దగ్గర బయటి అంచు లోపలి అంచు కన్నా సుమారు అర సెంటీమీటరు ఎత్తు.

నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారంలో ఎక్కువ భాగం లోపలి వైపుకే పోతుంది. మృదులాస్థి కూడా అక్కడే ఎక్కువగా అరిగి, కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. అట్ట బయటి అంచును ఎత్తితే, నేల నుంచి పాదానికి అందే ప్రతిబలం మోకాలి కీలుకు కాస్త దగ్గరగా జరుగుతుంది. కీలును లోపలికి వంచే బలం సగటున 5, 6 శాతం తగ్గుతుంది. 1980లలో జపాన్ వైద్యులు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు.

లెక్క బాగుంది, నొప్పి మాత్రం అంతగా వినలేదు. ఆస్ట్రేలియాలో 200 మందిపై ఏడాది పాటు జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో వాలు అట్టకూ, మామూలు చదును అట్టకూ తేడా కనిపించలేదు. 2019లో అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం కూడా దీన్ని సిఫారసు చేయలేదు. కొందరికి చీలమండ, పాదం నొప్పి కొత్తగా మొదలవుతుంది.

ఇంట్లో వట్టికాళ్లతో, బయట హవాయి చెప్పులతో తిరిగే మనవాళ్లకు ఈ అట్ట పనిచేసే సమయమే తక్కువ. తొడ కండరాల వ్యాయామానికీ, బరువు తగ్గడానికీ ఆధారాలు ఇంతకన్నా గట్టివి.