అరకు ఎత్తు, సహజ సంవర్గమానం

తూర్పు కనుమల్లోని అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 910 మీటర్ల ఎత్తున ఉంది. ఆ కొండల మీదుగా సాగే కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలో శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు దాటుతుంది. తూర్పు కనుమలను కొలిచి పటాలకు ఎక్కించిన పనిలో సంవర్గమానాలు లేకుండా ఒక్క అడుగూ పడలేదు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే క్రమంగా దేశమంతా విస్తరించింది. 1862–63లో విశాఖపట్నం దగ్గర ఆధార రేఖను కొలిచారు. ఆ ఒక్క రేఖ పొడవు, శిఖరాల మధ్య కోణాలు తెలిస్తే మిగిలిన దూరాలన్నీ లెక్కలోనే తేలతాయి. కానీ ప్రతి త్రిభుజానికీ పెద్ద పెద్ద గుణకారాలు, భాగహారాలు చేయాలి. సంవర్గమానం గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మారుస్తుంది. 1614లో జాన్ నేపియర్ ఈ పద్ధతిని ప్రకటించగా, 1624లో హెన్రీ బ్రిగ్స్ 10 ఆధారంగా పట్టికలు అచ్చు వేశాడు. భారత సర్వేలో పనిచేసిన రాబర్ట్ షార్ట్‌రీడ్ 1844లో ఏడు దశాంశ స్థానాల పట్టికలు ప్రచురించాడు.

కొండ ఎత్తు తెలుసుకోవడానికి భారమితి మరో సాధనం. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. ఉష్ణోగ్రత మారదనుకుంటే, సమానమైన ఎత్తు ఎక్కిన ప్రతిసారీ పీడనం అప్పటికున్న దానిలో అదే వంతు తగ్గుతుంది. అందుకే ఎత్తుకూ పీడనానికీ మధ్య సంవర్గమాన సంబంధం ఉంది. ఎడ్మండ్ హేలీ దీన్ని 1686లో వివరించాడు. ఈ లెక్కకు కొండ మీది కొలతతో పాటు సముద్రతీరపు కొలత కూడా కావాలి. తీరాన ఉన్న విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాల ఖగోళంతో పాటు వాతావరణ పరిశీలనలకూ పేరు పొందింది.

ఎత్తును, పీడనాన్ని కలిపే సూత్రంలో నేరుగా వచ్చేది సహజ సంవర్గమానం. దీని ఆధారం 10 కాదు, ‘ఇ’ అని పిలిచే 2.71828... అనే సంఖ్య. ఒకటిని ఎక్స్‌తో భాగిస్తే వచ్చే విలువలకు వక్రరేఖ గీస్తే, దాని కింద 1 నుంచి ఒక సంఖ్య వరకు ఉండే వైశాల్యమే ఆ సంఖ్య సహజ సంవర్గమానం. ‘ఇ’ దగ్గర ఆ వైశాల్యం సరిగ్గా 1 అవుతుంది.

ఉదాహరణకు తీరంలో పీడనం 1008, అరకులో 907 హెక్టాపాస్కల్స్, సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలు అనుకుందాం. 1008ని 907తో భాగిస్తే 1.11136 వస్తుంది. పాత క్యాలిక్యులేటర్లలో ఆ సంఖ్య తెర మీద ఉండగా ‘ఎల్ఎన్’ మీట నొక్కాలి. కొత్తవాటిలో ముందు మీట నొక్కి, కుండలీకరణాల్లో సంఖ్యలు వేయాలి. ఫలితం 0.10558. ఆ ఉష్ణోగ్రతకు వర్తించే 8640తో గుణిస్తే సుమారు 912 మీటర్లు. పొరపాటున ‘లాగ్’ మీట నొక్కితే 10 ఆధారంగా 0.04585 వస్తుంది, దాన్ని 2.302585తో గుణిస్తే తిరిగి దాదాపు 0.10558 దక్కుతుంది.

అరకులో కొలిచిన పీడనం ఒక్క హెక్టాపాస్కల్ తప్పితే ఎత్తు తొమ్మిది మీటర్లకు పైగా మారిపోతుంది. కాబట్టి రైలు మార్గాలకు భారమితి చాలదు, అడుగడుగునా ఎత్తు తేడాను నేరుగా కొలిచే లెవెలింగ్ చేయాల్సిందే.

జేబులో పట్టే తొలి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ హెచ్‌పీ–35 1972లో వచ్చింది. దానిలో వేలాది సంఖ్యల పట్టిక లేదు. 2, 1.1, 1.01, 1.001 వంటి కొన్ని సంఖ్యల సంవర్గమానాలు మాత్రమే ఉన్నాయి. సంఖ్యను అలాంటి వాటి లబ్ధంగా విడగొట్టే ఆ పద్ధతిలో చూస్తే 1.11136 అంటే 1.1, 1.01, మిగిలిన 1.00032ల లబ్ధం. వాటి సంవర్గమానాలు వరుసగా 0.09531, 0.00995, 0.00032. మూడూ కూడితే 0.10558.

బ్రిగ్స్ కాలం నాటి కూడికే క్యాలిక్యులేటర్‌లోనూ జరుగుతోంది. ‘ఎల్ఎన్’ మీట నొక్కే విద్యార్థి ఈ విభజనను ఒక్కసారైనా కాగితం మీద చేసి చూడాలి.