ఒకే మాట, మూడు ధర్మాలు: చాంద్రాయణగుట్ట నేపథ్యంలో యూదు, క్రైస్తవ, ఇస్లాం ఆచారాల పరిశీలన

ఉపోద్ఘాతం

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడూ ఒకే మూలపురుషుణ్ణి స్మరిస్తాయి. తెలుగు బైబిలులో అతడు అబ్రాహాము, ముస్లింల వాడుకలో ఇబ్రాహీం. ఈ మూడు మతాలను పోల్చే తెలుగు రచనలు సాధారణంగా దేవుడు, గ్రంథం, ప్రవక్త, ప్రార్థన, ఉపవాసం అనే శీర్షికల కింద సామ్యాలను, భేదాలను వరుసగా పేరుస్తాయి. ఆ శీర్షికలకు వాడే తెలుగు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి, అవి మూడు మతాలకూ సమానంగా వర్తిస్తాయా అన్న ప్రశ్నకు ఆ రచనల్లో చోటు దొరకడం అరుదు. హైదరాబాదు పాతబస్తీ దక్షిణ భాగంలోని చాంద్రాయణగుట్టను ఆధారంగా చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చాంద్రాయణగుట్టను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఇస్లాంలోని రెండు న్యాయ సంప్రదాయాలు ఇక్కడ పక్కపక్కనే ఆచరణలో ఉన్నాయి. ఈ ప్రాంతం ఏ నగరంలో అంతర్భాగమో ఆ నగరంలోనే 17వ శతాబ్దిలో ఈ మూడు మతాలనూ ఒకే గ్రంథంలో వివరించే ప్రయత్నానికి కావలసిన ముఖ్యమైన సమాచారం సేకరించబడింది.

1647: హైదరాబాదులో ఒక సంభాషణ

‘దబిస్తాన్-ఎ-మజాహిబ్’ 17వ శతాబ్ది మధ్యకాలంలో వెలువడిన పారశీక గ్రంథం. ఇందులో పన్నెండు ప్రకరణాలున్నాయి. పార్సీలు, హిందువులు, టిబెట్టు వారు ముగిసిన తర్వాత నాలుగవ ప్రకరణంలో యూదులు, ఐదవ దానిలో క్రైస్తవులు, ఆరవ దానిలో ముస్లింలు వస్తారు. గ్రంథకర్త ఎవరన్న విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది. తాను హిజ్రీ 1057లో, అంటే 1647లో, హైదరాబాదుకు వచ్చి సర్మద్‌తో స్నేహం చేశానని మాత్రం ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. అప్పటికి గోల్కొండను ఏలుతున్నవాడు అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672).

సర్మద్ యూదు పండిత కుటుంబంలో పుట్టి, ఇస్లాంను స్వీకరించి, ఇరాన్‌లో తత్త్వశాస్త్రం చదివి, వర్తకుడిగా సింధ్‌లోని ఠట్టాకు చేరాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకుడు అతనికి శిష్యుడయ్యాడు, అతని దగ్గర తోరాను చదివాడు. దబిస్తాన్ యూదు ప్రకరణంలో చేరిన ఆదికాండ ప్రారంభ భాగం అభయ్‌చంద్ చేసిన పారశీకానువాదమే. గ్రంథకర్త దానిని సర్మద్‌తో సరిచూసుకున్నాడు. యూదుల గ్రంథాన్ని హిందువు అనువదించాడు, యూదుడిగా పుట్టి ముస్లిం అయినవాడు సరిదిద్దాడు, మూడవ వ్యక్తి దానిని తన గ్రంథంలో పొందుపరిచాడు. ఈ పని హైదరాబాదులో జరిగింది.

ఇక్కడ ఆ గ్రంథకర్త పద్ధతి గమనించదగినది. యూదుల గురించి క్రైస్తవులు, ముస్లింలు చెప్పిన మాటలతో సరిపెట్టుకోకుండా, ఆ సంప్రదాయంలో పెరిగినవాణ్ణి ఆయన అడిగి తెలుసుకున్నాడు. సర్మద్ అప్పటికే ఆ మతాన్ని విడిచిపెట్టాడు కాబట్టి ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. అయినా మూలగ్రంథాన్ని తెలిసినవాడి ఎదుట పెట్టి సరిచూసుకోవడం తులనాత్మక అధ్యయనానికి పునాది. సర్మద్ తర్వాత ఉత్తరాదికి వెళ్లాడు. ఔరంగజేబు కాలంలో, 1661 ప్రాంతంలో, ఢిల్లీలో అతనికి మరణశిక్ష అమలైంది. అతని సమాధి జామా మసీదు సమీపంలో ఉంది. సరిహద్దులు దాటిన మనిషికి ఆ కాలం విధించిన మూల్యం అది.

చాంద్రాయణగుట్ట, బార్కస్

చార్మినార్‌కు దక్షిణాన ఉన్న చాంద్రాయణగుట్టలో చెన్నకేశవస్వామి ఆలయం ఉంది. దానికి ఆనుకొని ఉన్న బస్తీ బార్కస్. సైనిక నివాసాలను సూచించే ‘బ్యారక్స్’ అన్న ఆంగ్ల పదమే జనం నోట బార్కస్ అయింది. నిజాముల కొలువులో అరబ్బు సైనికులు పనిచేశారు. వారిలో చాలామంది యెమెన్ దక్షిణ భాగంలోని హద్రమౌత్ నుంచి వచ్చినవారు. హైదరాబాదులో జమాదార్లుగా ధనం, పలుకుబడి గడించిన ఖుఐతీ వంశం అదే హద్రమౌత్‌లో రాజ్యం స్థాపించి 1967 వరకు నిలిచింది. 1948 పోలీసు చర్యతో నిజాము సైన్యం రద్దయినా, సైనికుల సంతతి బార్కస్‌లోనే స్థిరపడింది.

హైదరాబాదు సున్నీ ముస్లింలలో అధికసంఖ్యాకులు హనఫీ న్యాయ సంప్రదాయాన్ని అనుసరిస్తారు. హద్రమౌత్ నుంచి వచ్చినవారిది షాఫిఈ సంప్రదాయం. ఈ భేదం నిత్యజీవితంలోనే కనిపిస్తుంది. సాయంకాలపు అస్ర్ నమాజు వేళ షాఫిఈల లెక్కలో వస్తువు నీడ దాని పొడవుకు సమానమైనప్పుడు మొదలవుతుంది. హనఫీలలో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం నీడ రెండింతలైనప్పుడు మొదలవుతుంది. రెండు లెక్కల్లోనూ మధ్యాహ్నపు మూలనీడను మినహాయిస్తారు. షాఫిఈలకు సముద్రజీవులు సాధారణంగా ధర్మసమ్మతం. హనఫీలు చేపలను మాత్రమే అనుమతిస్తారు, రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్నది వారి పండితుల్లో వివాదాంశం. యూదు ధర్మం రెక్కలు, పొలుసులు ఉన్న జలచరాలనే అనుమతిస్తుంది కాబట్టి దానిలో రొయ్య నిషిద్ధం. క్రైస్తవంలో సాధారణంగా ఈ నిషేధం లేదు. రొయ్య ఒక్కదానిని తీసుకున్నా షాఫిఈ ఆచారం క్రైస్తవానికీ, హనఫీ ఆచారంలోని కఠినపక్షం యూదు ధర్మానికీ దగ్గరగా ఉన్నాయి. ‘ఇస్లాంలో ఇలా, యూదు మతంలో అలా’ అని గీసే గీత ప్రతిచోటా మతాల మధ్యనే పడదని దీనివల్ల తెలుస్తుంది.

యెమెన్‌లో యూదుల నివాసం ప్రాచీనమైనది. హద్రమౌత్‌కు పడమట ఉన్న హబ్బాన్ పట్టణంలోనూ యూదులు ఉండేవారు. 1950 ప్రాంతంలో వారు ఇజ్రాయేలుకు తరలిపోయారు. కనుక బార్కస్ వారి పూర్వికులు బయలుదేరిన నేలలో యూదులు పొరుగువారు. తెలుగు నేలపై స్థిరపడిన తర్వాత ఆ పొరుగు లేకుండా పోయింది.

తెలుగు మాటల వంశావళి

తెలుగు పాఠకుడికి యూదు మతం ప్రధానంగా బైబిలు అనువాదం ద్వారా తెలిసింది. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది తొలి భాగంలో మద్రాసులో చేసిన అనువాదం అచ్చుకాలేదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డిగ్రాంజిస్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయరు సహాయంతో సువార్తల అనువాదం చేపట్టారు. 1812లో శ్రీరాంపురంలో మూడు సువార్తలు అచ్చయ్యాయి. 1818 నాటికి కొత్త నిబంధన, 19వ శతాబ్ది మధ్యభాగానికి పూర్తి బైబిలు వెలువడ్డాయి.

ఈ అనువాదాలు స్థిరపరచిన పదజాలంలో మూడు పొరలున్నాయి. ధర్మశాస్త్రము, ప్రవక్త, నిబంధన, ఉపవాసము సంస్కృతం నుంచి వచ్చాయి. బాప్తిస్మము, పస్కా, క్రీస్తు గ్రీకు రూపాలను అనుసరించాయి. సున్నతి అరబీ నుంచి ఉర్దూ ద్వారా తెలుగులో చేరింది. ‘తోరా’ అంటే ఉపదేశం. దానికి ధర్మశాస్త్రము అన్న మాట వాడగానే మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి చదివిన తెలుగు పండితుడికి శాసనాలే స్ఫురిస్తాయి, కథనం, స్తుతి, వంశచరిత్ర స్ఫురించవు. ‘పాత నిబంధన’ అన్నది కూడా క్రైస్తవ సంజ్ఞే. యూదులకు తమ గ్రంథం పాతది కాదు, దాని పేరు తనఖ్. యూదుల లెక్కలో 24 గ్రంథాలుగా ఉన్న అదే పాఠం ప్రొటెస్టంటు బైబిలులో 39గా విభజింపబడింది, క్రమం కూడా మారింది.

‘ప్రవక్త’ అన్న పదం మరొక ఉదాహరణ. యూదు సంప్రదాయంలో ప్రవచనం మలాకీ కాలంతో ముగిసింది. తెలుగు క్రైస్తవుడి మనసులో దావీదు ముందుగా రాజు. ముస్లిం దృష్టిలో దావూద్ ప్రవక్త, జబూర్ అనే గ్రంథం పొందినవాడు. ఆదం మొదలు ముహమ్మద్ వరకు సాగే వరుసలో ఈసా కూడా ప్రవక్తే. ఖుర్‌ఆన్ ఈసాను మసీహ్ అనే పిలుస్తుంది, కన్యాగర్భజననాన్ని అంగీకరిస్తుంది, కానీ దైవపుత్రత్వాన్ని నిరాకరిస్తుంది. శిలువ మరణం జరగలేదన్నది ముస్లింలలో ప్రబలమైన అవగాహన. ఆ మరణం, పునరుత్థానం లేకుండా క్రైస్తవం లేదు. యూదులకు మెస్సీయ ఇంకా రావలసినవాడు. మూడు మతాలూ ‘మెస్సీయ’ అన్న ఒకే మాటను వాడుతున్నా ముగ్గురూ ఒకే విషయం చెప్పడం లేదు.

సున్నతి: మూడు ధర్మస్థితులు

ఈ వాదానికి అత్యంత స్పష్టమైన నిదర్శనం సున్నతి. ఆదికాండం 17వ అధ్యాయం ప్రకారం ఇది దేవునికీ అబ్రాహాము సంతతికీ మధ్య నిబంధనకు గుర్తు, ఎనిమిదవ రోజున జరగాలి. హీబ్రూలో దీని పేరు బ్రిత్ మిలా. ‘బ్రిత్’ అంటేనే నిబంధన. తెలుగు బైబిలు అనువాదకులు దీనికి కొత్త సంస్కృత సమాసం కల్పించలేదు. తెలుగువారు తమ ముస్లిం పొరుగువారి ఇళ్లలో చూసి ఎరిగిన మాటనే తీసుకున్నారు. ఆ విధంగా యూదుల కేంద్ర సంస్కారానికి తెలుగులో ఇస్లామీయ నామం స్థిరపడింది.

‘సున్నత్’ అంటే ప్రవక్త ఆచరణ, సంప్రదాయం. ఈ సంస్కారం హనఫీలకు పేరుకు తగ్గట్టే సున్నత్. షాఫిఈలకు అది అంతకు మించి వాజిబ్, అంటే విధి. కనుక బార్కస్ షాఫిఈ కుటుంబం ‘సున్నత్’ అని పిలిచే కార్యం వారి న్యాయశాస్త్రంలో సున్నత్ కాదు, విధి. ఈ విషయంలో షాఫిఈలు యూదు ధర్మానికి మరింత చేరువగా ఉన్నారు. క్రైస్తవంలో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలోని యెరూషలేము సభ అన్యజనులకు ఈ నియమం అవసరం లేదని నిర్ణయించింది. పౌలు దీనిని హృదయానికి సంబంధించిన విషయంగా వ్యాఖ్యానించాడు. నిబంధన, విధి, సంప్రదాయం, రూపకం అనే నాలుగు స్థితులను తెలుగు ఒకే మాటతో చెబుతోంది.

చంద్రుడు, ఉపవాసం

చాంద్రాయణగుట్ట అనగానే స్మృతుల్లోని చాంద్రాయణ వ్రతం పండితులకు గుర్తుకు వస్తుంది. శుక్లపక్షంలో కబళాలు పెంచుతూ, కృష్ణపక్షంలో తగ్గిస్తూ చేసే వ్రతం అది. చంద్రగతితో ఆహారనియమాన్ని ముడిపెట్టడం తెలుగువారికి కొత్త కాదు. అయితే ‘ఉపవాసం’ అన్న మాట కింద చేరిన మూడు ఆచారాలు వేర్వేరు. యూదుల యోమ్ కిప్పూర్ సుమారు 25 గంటల పాటు అన్నపానాలు మానే ప్రాయశ్చిత్త దినం. రంజాను రోజా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం వరకు నెల పొడుగునా సాగుతుంది, నీరు కూడా తాగరు. క్రైస్తవుల 40 రోజుల నియమం ఎక్కువగా ఆహార పరిమితి, పశ్చాత్తాపం. తెలుగు కతోలికులు దానిని తపస్సు కాలమని, ఇతర సంఘాల్లో పలువురు శ్రమకాలమని అంటారు. రోజాను వాడుకలో ఒక్కపొద్దు అనడమూ ఉంది. ఒకపూట భోజనమనే అర్థమున్న ఆ మాట రోజా నియమాన్ని పూర్తిగా పట్టి ఇవ్వదు.

కాలగణనలో తెలుగు పంచాంగం పోలికకు మంచి ఆధారం. యూదు పంచాంగం 19 ఏళ్లలో 7 అధికమాసాలు చేర్చి చాంద్రమానాన్ని రుతువులతో కలుపుతుంది, తెలుగు పంచాంగంలోని అధికమాసం చేసే పని ఇదే. అందువల్ల పస్కా ఎప్పుడూ వసంతంలోనే వస్తుంది. ఇస్లామీయ సంవత్సరానికి అధికమాసం లేదు, దాని నిడివి సుమారు 354 రోజులు. అందుకే చాంద్రాయణగుట్టలో రంజాను ఒక దశాబ్దంలో ఎండాకాలంలో వస్తే మరొక దశాబ్దంలో చలికాలంలో వస్తుంది.

కొత్తరెడ్డిపాలెం: తెలుగు యూదులు

తెలుగులో యూదు ధర్మాన్ని గురించి లోపలి నుంచి మాట్లాడేవారు లేరన్న స్థితి 20వ శతాబ్ది చివరలో కొంత మారింది. గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సమాజం ఏర్పడింది. దీనికి నాయకత్వం వహించినవారు యాకోబి సోదరులు. సభ్యులు మాదిగ కుటుంబాలవారు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతిగా వారు తమను భావించుకుంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై చేసిన అధ్యయనం 2013లో గ్రంథంగా వచ్చింది. ఈ ఆత్మగుర్తింపులో కులవివక్షకు ఎదురునిలిచే ప్రయత్నం ఎంతగా ఇమిడి ఉందో ఆ అధ్యయనం చర్చించింది.

వంశమూలం గురించిన వాదం ఒక ప్రశ్న, భాష గురించిన ప్రశ్న వేరు. బైబిలు తెలుగులో పెరిగి, విశ్రాంతిదినాన్ని ఆదివారం నుంచి శనివారానికి మార్చుకొని, హీబ్రూ నేర్చుకుంటున్న ఈ సమాజానికి తమ ధర్మాన్ని చెప్పడానికి దొరికిన తెలుగు క్రైస్తవ తెలుగే. అంతకుముందు ఇతరుల చరిత్రగా చదివిన మాటలను వారు తమ మాటలుగా పలకవలసి వచ్చింది.

ముగింపు

హైదరాబాదులో మూడు మతాల అధ్యయనం నేటికీ సాగుతోంది. 1930లో లాహోరులో మొదలైన హెన్రీ మార్టిన్ సంస్థ 1971లో ఈ నగరానికి మారి, ఇస్లాం అధ్యయనంతోపాటు మతాల మధ్య సామరస్యానికి పనిచేస్తోంది. ఇటువంటి కృషికి తెలుగు శాఖల నుంచి అందవలసినది పదజాల పరిశీలన.

పై చర్చ నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, పోలిక చేసేటప్పుడు తెలుగు పదం పక్కన ఆయా మతస్థులు వాడే పదాన్ని కూడా ఇవ్వాలి: సున్నతితోపాటు బ్రిత్ మిలా, పాత నిబంధనతోపాటు తనఖ్. రెండు, ఒక్కొక్క మతాన్నీ ఏకరూపంగా చూడకుండా హనఫీ, షాఫిఈ వంటి అంతర్భేదాలను లెక్కలోకి తీసుకోవాలి. మూడు, ఒక మతాన్ని గురించి మరొక మతం చెప్పిన మాటను తుదిమాటగా గ్రహించరాదు. 1647లో దబిస్తాన్ రచయిత ఈ నగరంలోనే తోరా అనువాదాన్ని సర్మద్ ముందు పెట్టి సరిచూసుకున్నాడు. తెలుగులో ఆ పని చేయడానికి బార్కస్‌లోనూ కొత్తరెడ్డిపాలెంలోనూ ఇప్పుడు అడగదగిన మనుషులు ఉన్నారు.