బిళ్ళగన్నేరు ఎక్కడిది? పేరు పెట్టింది ఎవరు?

రేపల్లె నుంచి నగరం వచ్చే దారిలో ఇళ్ళ ముందు, గుడి గోడల పక్కన, బడి ఆవరణల్లో బిళ్ళగన్నేరు కనిపిస్తుంది. గులాబీ రంగుది ఒకటి, తెల్లది ఒకటి, తెలుపు మధ్యలో ఎర్రచుక్క ఉన్నది ఇంకొకటి. ఏడాది పొడుగునా పూస్తుంది. ఆకు చేదు కాబట్టి మేకలు ముట్టవు. సముద్రం దగ్గరి ఇసుక నేలలో, ఉప్పుగాలిలో కూడా బతుకుతుంది. అందరూ దీన్ని మన మొక్కే అనుకుంటారు. కాదు. దీని పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని మడగాస్కర్ దీవి.

యూరప్ తోటలకు ఇది గింజ రూపంలో చేరింది. మడగాస్కర్ నుంచి గింజలు ఫ్రాన్స్ రాజుగారి తోటకు చేరాయి. అక్కడి నుంచి కొన్ని లండన్‌లోని చెల్సీ మందుమొక్కల తోటకు వచ్చాయి. ఆ తోట చూసే ఫిలిప్ మిల్లర్ వాటిని మొలిపించి, 1757లో బొమ్మతో సహా ఆ మొక్కను వర్ణించాడు. 1759లో లిన్నేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. 1837లో జార్జ్ డాన్ కాథరాంథస్ అని మార్చాడు. పుస్తకాల్లో ఈ పేర్లన్నీ ఉన్నాయి. మడగాస్కర్‌లో కాయ కోసి గింజ చేతిలో పెట్టిన మనిషి పేరు మాత్రం లేదు.

ఇప్పుడు మన పేరు చూడండి. బిళ్ళ అంటే పలచగా, గుండ్రంగా ఉండేది. గన్నేరు అందరికీ తెలిసిన పూలచెట్టు. పచ్చగన్నేరు, దేవగన్నేరు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వాటినీ మనవాళ్ళు గన్నేరు అనే పిలిచారు. వృక్షశాస్త్రం ప్రకారం ఈ నాలుగూ ఒకే కుటుంబం. ఆ కుటుంబాన్ని జుస్యూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1789లో నిర్ధారించాడు. మొగ్గలో రేకులు ఒకదాని మీద ఒకటి మెలితిరిగి ఉండటం దాని గుర్తుల్లో ఒకటి. ఊరికి కొత్తగా వచ్చిన మొక్కను చూసి ‘ఇది గన్నేరు జాతిది’ అని పోల్చుకున్నవాళ్ళకు చదువు ఉందో లేదో గానీ, చూపు ఉంది. మొక్కను గుర్తించడం అంటే ఇదే కదా!

ఇలాంటి చూపు మీద ఆధారపడే విలియం రాక్స్‌బర్గ్ పనిచేశాడు. 1780లలో సామర్లకోటలో తోట పెట్టి, కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించి, తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆయన పుస్తకం మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు వచ్చింది, అందులో 300 బొమ్మలు. బొమ్మలు వేసిన మన చిత్రకారుల పేర్లు గానీ, మొక్కల పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు గానీ అందులో వెతకడం వృథా. మా పెద్దలను ‘ఆకులూ దుంపలూ ఏరుకునేవాళ్ళు’ అని తేలిగ్గా అనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

జమైకాలో కొందరు ఈ ఆకు కషాయాన్ని చక్కెర జబ్బుకు తాగేవారు. 1952లో ఆ ఆకులు కెనడాలోని డాక్టరు నోబుల్ సోదరులకు చేరాయి. చక్కెర తగ్గిందో లేదో పరీక్షిస్తే, ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి! అందులోంచే రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు తీశారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే. అందుకే ఉపాధ్యాయులు పిల్లలకు గట్టిగా చెప్పాలి: ఇంట్లో ఎవరైనా షుగరు తగ్గుతుందని ఈ ఆకు నమిలితే ఆపండి. ఇది విషం.

పెంచడం తేలికే, ఒక్క చోటే ఓపిక కావాలి. పూసిన చోట సన్నని కాయలు జంటగా వస్తాయి. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే గింజ ముదరదు, ఎండేదాకా ఆగితే చీలి రాలిపోతుంది. పసుపు తిరిగినప్పుడు కోసి, కాగితం పొట్లంలో ఆరబెట్టాలి. లోపల నల్లటి చిన్న గింజలుంటాయి. ఎర్రగన్నేరు గింజకు ఉండే దూది కుచ్చు వీటికి ఉండదు. ఇసుక కలిపిన మట్టిలో చల్లి, పైన పలచగా మట్టి కప్పాలి. ఈ గింజ చీకట్లో బాగా మొలుస్తుంది, ఒకటి రెండు వారాలు పడుతుంది. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. మన డెల్టా నల్లరేగడిలో మొక్కలు చనిపోయేది ఎక్కువగా అందుకే, కాబట్టి మడి కాస్త ఎత్తు చేయండి. గులాబీదీ తెల్లదీ పక్కపక్కనే ఉంటే, గింజ నుంచి వచ్చే మొక్క ఏ రంగు పూస్తుందో పూసేదాకా తెలియదు.