రేపటి నుంచి పనికి రావొద్దంటే: మూకుమ్మడి తొలగింపులు, ముందస్తు నోటీసు హక్కు

కాగజ్‌నగర్‌కు ఆ పేరు కాగితం మిల్లుతోనే వచ్చింది. సిర్పూర్ పేపర్ మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగింది. దివాలా ప్రక్రియ ద్వారా 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వెళ్లేదాకా పట్టణం ఎదురుచూస్తూనే ఉంది. ఒకే ఫ్యాక్టరీ మీద బతికే ఊళ్లో అది ఆగితే జీతంతో పాటు కిరాణా ఖాతా, పిల్లల ఫీజు, ఇంటి అద్దె అన్నీ ఒకేసారి కదిలిపోతాయి. భూమి లేని దళిత కుటుంబానికి వెనక్కి వెళ్లడానికి పొలం కూడా ఉండదు. అందుకే ముందస్తు నోటీసును మనం హక్కుగా చూడాలి.

చట్టం ఏం చెబుతోంది?

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లో ఉంది. ఇందులో లే-ఆఫ్ అంటే తాత్కాలికంగా పని ఇవ్వకపోవడం, రిట్రెంచ్‌మెంట్ అంటే ఉద్యోగం నుంచే తీసేయడం. ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే:

- కారణం చూపుతూ నెల రోజుల రాతపూర్వక నోటీసు, లేదా ఆ కాలపు జీతం ఇవ్వాలి.
- సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి.
- 300 మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీ, గని, తోటల్లో అయితే మూడు నెలల నోటీసుతో పాటు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తుపై 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఈ అనుమతి నిబంధన 1976లో 300 మందితో మొదలైంది. 1982 సవరణ దాన్ని 100కు దించింది. కొత్త కోడ్ మళ్లీ 300కు పెంచింది. ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ఇంకా పెంచే వీలూ ఇచ్చింది.

హక్కు ఎవరికి అందడం లేదు?

పర్మినెంటు కార్మికుడికి రాసిన ఈ రక్షణ గేటు దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. గడువు ముగిసిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగాన్ని పొడిగించకపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. కాంట్రాక్టు కార్మికుడిని రేపటి నుంచి రావొద్దంటే, కంపెనీ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు కంపెనీని చూపిస్తాడు. ఊడ్చే పని, కాలువలు తీసే పని, లోడింగ్ పని ఎక్కువగా ఈ పద్ధతిలోనే సాగుతాయి. ఆ పనుల్లో ఎవరుంటారో మనకు తెలుసు.

చివర చేరినవారిని ముందు తీయాలనే సాధారణ నియమం యాజమాన్యం ఇష్టారాజ్యాన్ని ఆపుతుంది. కానీ పర్మినెంటు ఉద్యోగంలోకి ఆలస్యంగా అడుగుపెట్టినవాళ్లకు అదే ముందు తగులుతుంది. తొలగింపులో కులం లెక్క కూడా చూడాలని మేము అనడానికి కారణం ఇదే.

కార్యకర్తలు చేయగలిగింది

హాజరు, జీతం స్లిప్పులు, పీఎఫ్, ఈఎస్ఐ వివరాలు, గేటు పాసు ముందే భద్రపరచాలి. 240 రోజుల పనిని రుజువు చేసేది అవే. సీనియారిటీ జాబితా రాతపూర్వకంగా అడగాలి. చదవకుండా ఏ రాజీనామా కాగితం మీదా సంతకం పెట్టకూడదు, ఎందుకంటే స్వచ్ఛందంగా మానేసినవారికి రిట్రెంచ్‌మెంట్ రక్షణ ఉండదు. వివాదాన్ని రెండేళ్లు దాటకముందే కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారి ముందుకు తీసుకెళ్లాలి. తీసేసినవాళ్ల పేర్లతో పాటు ఎవరు ఏ పనిలో, ఏ పద్ధతిలో ఉన్నారో యూనియన్లు రాసి పెట్టుకుంటే, నోటీసు ఎవరి చేతికి వచ్చిందో, ఎవరికి రాలేదో తేలుతుంది.